తడి గడ్డి మీద విమానం ఎందుకు ఆగదు?

ఎర్రగుంట్ల చుట్టుపక్కల నల్లరేగడిలో సేద్యం చేసేవాళ్లకు నేల సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మే నెలలో నెర్రెలు విచ్చిన చేలోకి లోడు బండి తోలినా చక్రం దిగదు. గడ్డపార వేస్తే చేతులు అదురుతాయి. నాలుగు మంచి వానలు పడ్డాక అదే చేలోకి ఖాళీ ట్రాక్టరు దించడానికి కూడా వెనకాడతారు. మన్ను అదే, నీళ్లు చేరాయి. ఆ మన్ను మీద పచ్చగా గడ్డి పెంచి, టన్ను పైచిలుకు బరువుండే చిన్న విమానాన్ని గంటకు 90 కిలోమీటర్ల వేగంతో దించితే ఏం జరుగుతుంది?

ఎర్రగుంట్లలో విమానాశ్రయం లేదు. ఊరికి పేరు తెచ్చినవి రైల్వే జంక్షను, సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, కలమళ్ల దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. దగ్గరలో ఉన్న కడప విమానాశ్రయం రన్‌వే గట్టిగా పరిచినది, కర్నూలు దగ్గర ఓర్వకల్లుది కూడా అంతే. అయినా మన సీమకూ గడ్డి మీద, మట్టి మీద దిగిన విమానాలకూ పాత సంబంధం ఉంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా విమానం నడిపారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ దాన్ని బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్లారు. ఆనాటికి బళ్లారి దత్త మండలాల్లోని జిల్లా. అక్కడి నుంచి మద్రాసుకు పటం మీద తిన్నగా గీత గీస్తే అది రాయచోటి పక్కగా పోతుంది.

ఆ విమానం ఒకే ఇంజనున్న పుస్ మాత్. దాని చక్రాల కాళ్లకు తొడిగిన రేకు కప్పులను పైలట్ అడ్డంగా తిప్పితే అవి గాలిని ఆపి వేగం తగ్గించేవి. తోక కింద చక్రం బదులు ఒక ఊత ఉండేది, అది నేలను గీరుకుంటూ బండిని ఆపడానికి తోడ్పడేది. అంటే విమానాన్ని ఆపడంలో గాలికీ నేలకూ చెరో వాటా. గట్టి కాంక్రీటు మీద ఆ ఊత అరిగిపోతుంది, పనికిరాదు. ఆ కాలపు విమానాలకు గడ్డి మైదానం పేదరికపు ఏర్పాటు కాదు, వాటికి తగిన నేల. పైగా మైదానం కాబట్టి గాలి ఎటు నుంచి వీస్తే అటు తిరిగి దిగొచ్చు. ఇబ్బందల్లా వానాకాలమే. బొంబాయి జుహూ మైదానం వర్షాలకు నీట మునిగేది. టాటా సంస్థ ఆ నెలల్లో మకాం పూనాకు మార్చుకోవాల్సి వచ్చేది.

నీళ్లు చేరితే ఏమవుతుందో ఇప్పుడు లెక్కలోకి దిగి చూద్దాం. నేల తాకిన విమానాన్ని ఆపడమంటే దాని చలనశక్తిని ఎక్కడో ఒకచోట ఖర్చు చేయించడం. ఆ శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చిన్న విమానం సెకనుకు 25 మీటర్ల వేగంతో, అంటే గంటకు 90 కిలోమీటర్లతో నేల తాకిందనుకుందాం. టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం 0.4 ఉంటే, బ్రేకులు పూర్తిగా పట్టినప్పుడు అది సుమారు 80 మీటర్లలో ఆగుతుంది. గుణకం 0.2కు పడిపోతే 160 మీటర్లు, 0.1 అయితే 320 మీటర్ల దాకా పోతుంది. ఇక్కడ బ్రేకు చెడిపోలేదు, పైలట్ కాలు సడలలేదు. చక్రాన్ని ఆపగలిగేది బ్రేకు, విమానాన్ని ఆపాల్సింది నేల. నేల పట్టు ఇవ్వకపోతే ఎంత గట్టిగా తొక్కినా చక్రం తిరగడం మానేసి జారుతుందే తప్ప బండి ఆగదు.

గడ్డి పట్టు ఎందుకు ఇవ్వదు? తారు, కాంక్రీటు రన్‌వే పైన కంటికి ఆనని గరుకు ఉంటుంది. తడిసినా ఆ సన్నని మొనలు నీటి పొరను చీల్చుకుని రబ్బరును తాకుతాయి. గడ్డి పరకకు ఆ గరుకు లేదు. ఆకు పైన సహజంగానే మైనపు పూత ఉంటుంది, నీరు లోపలికి ఇంకకుండా, బయటికి ఆరిపోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. టైరు ఎక్కేసరికి పరకలు పడుకుంటాయి, నలుగుతాయి, పసరు కారుతుంది. వాన నీరు, పసరు, మైనపు పూత కలిసిన పొర ఒకటి రబ్బరుకూ మట్టికీ నడుమ నిలుస్తుంది. చక్రం జామ్ అయి జారడం మొదలైతే గడ్డిని వేళ్లతో సహా చీలుస్తుంది. అప్పుడు బయటపడే తడి మన్ను మరింత జారుడు.

నీళ్లు నిలిచిన గట్టి రన్‌వే మీద ఇంకో జబ్బు ఉంది. దాన్ని 1963లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన హోర్న్, డ్రెహర్ అనే పరిశోధకులు లెక్కకు తెచ్చారు. ఒక వేగం దాటాక టైరు ముందున్న నీరు పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు, టైరు కిందికే చొరబడి దాన్ని పైకి ఎత్తేస్తుంది. ఆ వేగం టైరులోని గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. పీడనాన్ని పీఎస్ఐలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. పెద్ద జెట్ టైర్లలో 200 పీఎస్ఐ ఉంటే ఆ వేగం 127 నాట్లు, గంటకు 235 కిలోమీటర్లు. చిన్న విమానం టైరులో 36 పీఎస్ఐ ఉందనుకుంటే 54 నాట్లు, అంటే గంటకు నూరు కిలోమీటర్లు. అప్పుడే నేల తాకి ఇంకా తిరగని చక్రానికైతే 9 బదులు 7.7 వేయాలని తర్వాతి పరీక్షల్లో తేలింది. అప్పుడు వేగం గంటకు 85 కిలోమీటర్లకు దిగుతుంది. చిన్న విమానం నెమ్మదిగా దిగుతుంది కదా, దానికి జారుడు భయం తక్కువే అనుకుంటాం. టైరులో గాలి మెత్తగా ఉండటం వల్ల అది దిగే వేగమూ తేలే వేగమూ ఒకే చోట కలుస్తున్నాయి. ఈ సూత్రం నీళ్లు నిలిచిన చదును నేలకు చెప్పినది, గడ్డికి యథాతథంగా అతకదు. కానీ పల్లంలో నీళ్లు నిలిచిన గడ్డి రన్‌వే పట్టీ మీద రెండు జబ్బులూ ఒకదాని వెంట ఒకటి పట్టుకోవచ్చు.

ఇదంతా నేల పైన జరిగేది. కింద జరిగేది వేరు.

నల్లరేగడిలో స్మెక్టైట్ జాతి బంకమన్ను ఎక్కువ. ఆ మన్ను రేణువులు పలుచని పొరల కట్టలు. ఆ పొరల మధ్యకు నీరు దూరితే మన్ను ఉబ్బుతుంది, ఆరితే కుంగి నెర్రెలు విచ్చుతుంది. ఎండిన నేల మీద పడిన మొదటి వాన నెర్రెల గుండా గబగబా లోపలికి పోతుంది. మన్ను ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక నీరు ఇంకడం దాదాపు ఆగిపోతుంది, పైనే నిలుస్తుంది. రోడ్లు వేసే ఇంజనీర్లు నేల మోసే బలాన్ని సీబీఆర్ అనే శాతంలో కొలుస్తారు. ప్రయోగశాలలో మన్నును నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి కొలిచినప్పుడు నల్లరేగడికి ఆ విలువ తరచు 2, 3, 4 శాతం దగ్గరే వస్తుంది. రోడ్డు పునాదికి కూడా చాలని బలం అది. దాని మీద విమాన చక్రం ఆనితే గాడి పడుతుంది.

ఇక్కడ సహజంగా ఒక సందేహం వస్తుంది. చక్రం దిగబడితే విమానం త్వరగా ఆగాలి కదా, అది మేలే కదా? లేచేటప్పటి సంగతి చూస్తే బురద ఎంత లాగుతుందో తెలుస్తుంది. 1927 మే 20 ఉదయం చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్క్ దగ్గరి రూజ్‌వెల్ట్ ఫీల్డ్ నుంచి పారిస్‌కు బయలుదేరినప్పుడు నేల వానకు తడిసి మెత్తబడి ఉంది. విమానం నిండా పెట్రోలు. బురద చక్రాలను వదలక, విమానం ఎంతకీ వేగం అందుకోక, చివరికి మైదానం కొసన ఉన్న టెలిఫోను తీగలను కొద్ది అడుగుల తేడాతో దాటి లేచింది. ఆ లాగుడే దిగేటప్పుడు బ్రేకు అవుతుందని ఆశపడితే రెండు చిక్కులున్నాయి. ఒకటి, బురద లాగుడు బ్రేకులు ఇవ్వాల్సిన పట్టుకు సాటి రాదు. అందుకే తడి గడ్డి మీద లేవడానికీ ఎక్కువ దూరం కావాలి, ఆగడానికీ ఎక్కువ దూరం కావాలి. రెండోది మరీ ప్రమాదం. ఆ లాగుడు మూడు చక్రాలకూ సమానంగా ఉండదు. నేడు చాలా చిన్న విమానాలకు ముందు ఒక ముక్కు చక్రం ఉంటుంది. అది సన్నది, దాని కాలు బలహీనం. అది మెత్తని చోట గుచ్చుకుంటే విమానం దాని చుట్టూ ముందుకు తూలుతుంది. ప్రొపెల్లర్ రెక్కలు నేలను కొట్టి వంగుతాయి, ఇంజను దెబ్బతింటుంది. ఇంకొంచెం వేగం ఉంటే విమానం మొగ్గవేసి వెల్లకిలా పడుతుంది. ఒక పక్క ప్రధాన చక్రం దిగబడి రెండో పక్కది దిగబడకపోతే గిర్రున పక్కకు తిరుగుతుంది.

పైలట్ విద్యలో పొట్టి రన్‌వేకూ మెత్తని నేలకూ రెండు వేర్వేరు పాఠాలుంటాయి. పొట్టి రన్‌వే పాఠం ప్రకారం కచ్చితమైన తక్కువ వేగంతో వచ్చి, అనుకున్న చోటే గట్టిగా చక్రాలు ఆనించి, బరువంతా చక్రాల మీదికి తెచ్చి బ్రేకు తొక్కాలి. మెత్తని నేల పాఠం దీనికి పూర్తిగా ఎదురు. కొంచెం ఇంజను బలం ఉంచుకుని మెల్లగా దించాలి, కంట్రోల్‌ను వెనక్కి లాగి ముక్కు చక్రాన్ని వీలైనంతసేపు గాల్లోనే నిలపాలి, బ్రేకు జోలికి పోకూడదు. తడిసిన గడ్డి పట్టీ పొట్టిదైతే ఈ రెండు పాఠాలనూ ఒకేసారి పాటించమంటుంది. అది కుదరదు. ఇలాంటి ప్రమాదాల్లో పైలట్‌ను నిందించే ముందు ఈ వైరుధ్యాన్ని గుర్తించాలని నా అభిప్రాయం. చక్రాలు ఆనిన తర్వాత అతని చేతిలో మిగిలే మంచి దారి చాలాసార్లు ఒక్కటీ ఉండదు.

కాబట్టి అసలు నిర్ణయం నేలకు చాలా పైనే జరగాలి. దాన్ని తేల్చేవి రెండు: నేలతో పోల్చిన వేగం, చక్రాలు ఆనే చోటు. సీమలో పిడుగుల వాన వచ్చే తీరు ఈ రెండింటినీ చెడగొడుతుంది. మబ్బు కింద నుంచి చల్లగాలి దబ్బున దిగి నేలను కొట్టి అన్ని వైపులకూ పరుచుకుంటుంది. అప్పటిదాకా తూర్పు నుంచి వీస్తున్న గాలి కొద్ది నిమిషాల్లో పడమటికి మారొచ్చు. విమానానికి గాలితో పోల్చిన వేగం గంటకు 90 కిలోమీటర్లు కావాలనుకుందాం. ఎదురుగాలి 18 ఉంటే అది నేలను 72తో తాకుతుంది. అదే 18 వెనుకగాలి అయితే 108తో తాకుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు, ఖర్చు చేయాల్సిన శక్తి రెండుంపావు రెట్లు. ఘర్షణ గుణకం 0.2 ఉన్న తడి గడ్డి మీద మొదటిదానికి నూరు మీటర్లు చాలితే, రెండోదానికి 230 మీటర్లు కావాలి. పైగా వెనుకగాలిలో విమానం నేలకు ఆనుకుని తేలుతూ పోతుంది, చక్రాలు ఆనేలోపే సగం పట్టీ వెనక్కి పోతుంది.

పెద్ద విమానానికీ ఈ లెక్క తప్పదు. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ 1344 వానలో, వెనుకగాలితో దిగింది. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు దాటాక గానీ దాని చక్రాలు నేలకు ఆనలేదని దర్యాప్తు నివేదిక తేల్చింది. విమానం ఆ తడి రన్‌వే కొస దాటి లోయలో పడింది, ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది చనిపోయారు. అది గడ్డి కాదు, రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న గట్టి రన్‌వే. సగం ముందే పోగొట్టుకుంటే అంత పొడవూ చాలలేదు. చిన్న విమానాల్లో మనకు దగ్గరి ఉదంతం 2023 సెప్టెంబరు 14ది. విశాఖపట్నం నుంచి ముంబై వెళ్లిన లియర్‌జెట్ 45 జోరువానలో, ఎదుట సరిగా కనిపించని స్థితిలో దిగుతూ రన్‌వే పక్కకు తప్పి విరిగిపోయింది. అందులోని ఎనిమిది మందీ గాయాలతో ప్రాణాలు దక్కించుకున్నారు. ఎంత గొప్ప విమానాశ్రయమైనా రన్‌వే అంచు దాటితే ఉండేది వానకు నానిన మట్టీ గడ్డే.

ఇక పుస్తకాల్లో రాసిన దూరాలు. సెస్నా 172ఎస్ విమానం చేతిపుస్తకం ప్రకారం, సముద్రమట్టంలో, ప్రామాణిక వాతావరణంలో, పొడిగా ఉన్న గట్టి రన్‌వే మీద యాభై అడుగుల ఎత్తు నుంచి దిగి ఆగడానికి 1,335 అడుగులు పడుతుంది. అంటే 407 మీటర్లు. అందులో నేల మీద పరుగు 575 అడుగులు. పొడి గడ్డి అయితే ఆ పరుగులో 45 శాతం కలుపుకోమంటుంది. తడి గడ్డికి బ్రిటన్ పౌర విమానయాన సంస్థ ఒక సలహా పత్రంలో సంఖ్య ఇచ్చింది. గట్టి నేల మీద ఇరవై సెంటీమీటర్ల లోపు తడి గడ్డి అయితే మొత్తం దూరానికి 35 శాతం కలపాలి. గడ్డి మరీ పొట్టిగా ఉంటే జారుడు పెరిగి 60 శాతం దాకా పోవచ్చు. వీటి మీద 1.43 రెట్ల భద్రత జాగా ఉంచుకోవాలి. 407 మీటర్లు మొదటి లెక్కలో 550 అవుతుంది, భద్రత కలిపితే 786. పొట్టి గడ్డి లెక్కలో 650, భద్రతతో 930. పొడి రోజున 500 మీటర్ల పట్టీలో దిగగలిగిన విమానానికి తడి రోజున అదే పట్టీ చాలదు.

పొట్టిగా కత్తిరించిన గడ్డి ఎక్కువ ప్రమాదమనడం చాలామందికి వింతగా ఉంటుంది. ఎదిగిన గడ్డి చక్రానికి అడ్డుపడి కొంత వేగం లాగేస్తుంది. పొట్టి గడ్డి ఆ సాయం చేయదు, జారుడు మాత్రం తగ్గించదు. కింద నేల గట్టిగా ఉంటే చక్రం దిగబడి ఆగే దారీ ఉండదు. ఇప్పుడు సీమ వానను తలుచుకోండి. మొదటి పది నిమిషాల చినుకులకు గడ్డి తడుస్తుంది, నేల ఇంకా వేసవి గట్టితనంతోనే ఉంటుంది. అది జారుడు గంట. రెండు మూడు రోజులు ముసురు పట్టాక, ఈశాన్య రుతుపవనాల కాలంలో అలాంటి రోజులు వస్తూనే ఉంటాయి, రేగడి నాని మెత్తబడుతుంది. అది దిగబడే కాలం. వాన వెలిసి ఎండ కాసి పైన గడ్డి ఆరినా లోపల మన్ను ఆరదు. చూపుకు పొడిగా, పచ్చగా ఉంటుంది, ముక్కు చక్రం మాత్రం గుచ్చుకుంటుంది. ఒకే వానలో ప్రమాదం పై నుంచి కిందికి దిగుతూ పోతుంది, పైలట్ చేయాల్సిన పని కూడా దానితోపాటు తిరగబడుతుంది. తడి రోజులు తక్కువగా ఉండే చోట ఇది మరీ కష్టం. ఏడాదిలో అత్యధిక భాగం పొడి నేల మీద దిగిన పైలట్ చేతులకూ కాళ్లకూ పొడి నేల బ్రేకే అలవాటై ఉంటుంది. ఎప్పుడూ తడిలో దిగేవాడికి ఉండే జంకు అతనికి ఉండదు. ఎండిన సీమలో ఈ ప్రమాదం అరుదు కాబట్టి చిన్నదని అనుకోవడం తప్పు.

నేలను బాగు చేసే దారులు లేకపోలేదు. పట్టీ నడుమ కొంచెం ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా చేసి అంచుల వెంట కాలవలు తీస్తే పైన నీరు నిలవదు. గడ్డికి మన గరికే చాలా మంచిది. నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేసి మట్టిని కట్టిపడేస్తుంది, ఎండకు చావదు. దాన్ని మరీ నున్నగా కొట్టకుండా, మరీ పెరగనివ్వకుండా ఉంచాలి. కింద రేగడికి సున్నం కలిపితే మన్ను ఉబ్బే గుణం తగ్గి బలం పెరుగుతుంది. సున్నంతోపాటు బొగ్గు బూడిద కలపడం రోడ్ల పనిలో ఎప్పటి నుంచో ఉన్నదే. ఎర్రగుంట్ల మండలంలో ఆ బూడిదకు కొదవ లేదు, థర్మల్ కేంద్రం బొగ్గు కాల్చినన్నాళ్లూ వస్తూనే ఉంటుంది. పైన వేరు పట్టడానికి జానెడు మంచి మన్ను, దాని కింద సున్నం, బూడిద కలిపి దిమ్మిస చేసిన పొర: ఇలాంటి పట్టీ వానాకాలంలోనూ చిన్న విమానం బరువు మోస్తుంది. చక్రం దిగబడే జబ్బు ఇలా నయమవుతుంది. గడ్డి జారుడు మాత్రం పోదు, నేల గట్టిపడిన కొద్దీ పొట్టి తడి గడ్డి లెక్కే వర్తిస్తుంది.

మిగిలిన ఆ జారుడుకు కొన్ని చోట్ల వాడే ఏర్పాటు చౌకైనది. పట్టీ పొడవులో మూడో వంతు దగ్గర రెండు పక్కలా తెల్ల గుర్తులు పెడతారు. ఆ గుర్తులు దాటేలోపు చక్రాలు ఆనకపోతే పైలట్ ఇక ప్రయత్నించడు. ఇంజనుకు పూర్తి బలం ఇచ్చి మళ్లీ లేచిపోతాడు, ఒక చుట్టు తిరిగి గాలి చూసుకుని వస్తాడు, లేదా మన దగ్గరైతే గట్టి రన్‌వే ఉన్న కడపకు మళ్లిస్తాడు. ఈ నిర్ణయం చక్రాలు ఆనక ముందే, ఇంజనుకు లేచే బలం, ముందు లేవడానికి చాలినంత పట్టీ ఉన్నప్పుడే జరిగిపోవాలి. తడి గడ్డి మీద చక్రాలు ఆని, బ్రేకు తొక్కి, జారుతున్నామని తెలిశాక మళ్లీ లేవబోతే అదే గడ్డి, అదే బురద చక్రాలను పట్టి లాగుతాయి. ఆగడానికి చాలని పట్టీ అప్పుడు లేవడానికీ చాలదు.